మంచు మీద కుర్ర సింహాలు

ఒక ఏడాది ప్రపంచ విజేత. మరుసటి ఏడాది కింది శ్రేణికి జారిపోయే ప్రమాదం. రెండేళ్లు తిరిగేసరికి మళ్లీ స్వర్ణం! ఫిన్లండ్ అండర్-20 ఐస్ హాకీ జట్టు కథలో ఎత్తులూ ఎక్కువే, పల్లాలూ ఎక్కువే. హైదరాబాద్ కంటే తక్కువ జనం ఉన్న ఆ దేశం కెనడా, అమెరికా, రష్యా లాంటి ఉద్దండులను ఎలా మట్టి కరిపిస్తోంది? మధ్యమధ్యలో తానే ఎందుకు బోల్తా పడుతోంది?

2016 జనవరి 5. హెల్సింకిలోని హార్ట్‌వాల్ అరీనా. ప్రపంచ జూనియర్ ఐస్ హాకీ ఫైనల్లో ఆతిథ్య ఫిన్లండ్ 3-2తో రష్యా మీద ముందుంది. గడియారంలో మిగిలింది ఆరంటే ఆరు సెకన్లు. సరిగ్గా అప్పుడే రష్యా ఆటగాడు ఆంద్రే స్వెత్లకోవ్ గోల్ కొట్టేశాడు. 3-3. చేతికందిన కప్పు జారిపోయినట్లే అనిపించింది. ఓవర్‌టైమ్ మొదలైంది. ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే టైటిల్. ఒకటిన్నర నిమిషం గడిచిందో లేదో, కాస్పెరి కాపనెన్ పక్ అనే రబ్బరు బిళ్లను తోసుకుంటూ రష్యా గోల్ వెనక నుంచి గిర్రున చుట్టి వచ్చి, గోల్ కాసే గోలీ ఇవతలి స్తంభానికి చేరేలోగానే లోపలికి నెట్టేశాడు. 4-3. సొంతగడ్డ మీద ఫిన్లండ్ ప్రపంచ చాంపియన్.

ఏడాది తిరగలేదు. ఆ డిసెంబరులోనే మాంట్రియల్‌లో టైటిల్ నిలబెట్టుకోవడానికి దిగిన ఫిన్లండ్ వరసగా మూడు మ్యాచ్‌లు ఓడింది. చెక్ చేతిలో 2-1, డెన్మార్క్ చేతిలో 3-2, స్వీడన్ చేతిలో 3-1. లీగ్ దశ ఇంకా ముగియలేదు, ఫిన్లండ్ సమాఖ్య మాత్రం ఆగలేదు. టోర్నీ నడుస్తుండగానే హెడ్ కోచ్ యుక్కా రౌతకోర్పిని తప్పించి, పగ్గాలు యుస్సి అహోకస్‌కు అప్పగించింది. స్విట్జర్లండ్ మీద 2-0తో గెలిచినా అప్పటికే ఆలస్యమైపోయింది. నిన్నటి ప్రపంచ విజేత, పై శ్రేణిలో ఉండాలా వద్దా తేల్చే రెలిగేషన్ పోరులో లాత్వియాతో తలపడాల్సి వచ్చింది. మూడు మ్యాచ్‌ల సిరీస్‌ను రెండింటిలోనే ముగించి ఊపిరి పీల్చుకుంది. చివరికి దక్కింది తొమ్మిదో స్థానం. పది జట్లు ఆడే టోర్నీలో!

కథ అక్కడితో ఆగిపోతే ఇంతగా చెప్పుకోవాల్సిన పని లేదు. 2019 జనవరిలో వాంకూవర్‌లో అదే ఫిన్లండ్ అమెరికాను 3-2తో ఓడించి మళ్లీ స్వర్ణం గెలిచింది. ఆ జట్టు కోచ్ ఎవరో కాదు, మునిగిపోతున్న పడవలోకి మధ్యలో ఎక్కిన అహోకస్!

డిసెంబరు 26 వస్తే...

మనకు హాకీ అంటే పచ్చటి టర్ఫ్. ఐస్ హాకీ అంటే మహా అయితే లద్దాఖ్ గుర్తొస్తుంది. ఉత్తర దేశాల్లో మాత్రం క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరి 5 దాకా సాగే ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్ పెద్ద పండగ. ఇందులో ఆడాలంటే ఆ డిసెంబరు 31 నాటికి ఇరవై ఏళ్లు నిండి ఉండకూడదు. ఒక్కో జట్టు తరఫున మంచు మీద అయిదుగురు ఆటగాళ్లు, ఒక గోలీ. ఇరవయ్యేసి నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. గట్టి రబ్బరుతో చేసిన పక్ ఒక్క దెబ్బకు గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో దూసుకెళ్తుంది. ఎవరైనా తప్పు చేస్తే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఆలోపు అవతలి జట్టుకు ఒక మనిషి ఎక్కువ. క్రికెట్ నుంచి మనకు అలవాటైన పవర్‌ప్లే అనే మాటకు ఇక్కడ అర్థం అదే.

అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య 1977 నుంచి ఈ టోర్నీని అధికారికంగా నిర్వహిస్తోంది. ఫిన్లండ్ ఒక్కసారి కూడా పై శ్రేణి నుంచి కిందికి పోలేదు. 2025 వరకు 5 స్వర్ణాలు, 6 రజతాలు, 7 కాంస్యాలు గెలిచింది. ఫిన్లండ్ జనాభా 56 లక్షలు. 2011 జనాభా లెక్కల నాటికే హైదరాబాద్ నగర జనాభా 67 లక్షలు. నమోదైన ఐస్ హాకీ ఆటగాళ్లు కెనడాలో అయిదు లక్షల పైచిలుకు ఉంటే, ఫిన్లండ్‌లో లక్ష కూడా లేరు. ఈ లెక్కలు పక్కన పెట్టుకుని చూస్తే ఆ పతకాల విలువ తెలుస్తుంది. ఆ జట్టు ఎత్తుపల్లాలకు కారణమూ ఈ లెక్కల్లోనే ఉంది.

ఇంట గెలిచి...

ఫిన్లండ్ జాతీయ చిహ్నంలో సింహం ఉంటుంది. ఐస్ హాకీ జట్టు చొక్కా మీదా అదే సింహం. అందుకే పెద్దల జట్టును సింహాలని, అండర్-20 జట్టును కుర్ర సింహాలని అక్కడివాళ్లు ముద్దుగా పిలుచుకుంటారు. అయితే చాలాకాలం ఆ సింహం గర్జించింది లేదు. సోవియట్ యూనియన్, చెకొస్లొవేకియా, స్వీడన్ ముందు ఫిన్లండ్‌ది ఎప్పుడూ నాలుగో కుర్చీయే.

మార్పు మొదలైంది కుర్రాళ్ల నుంచే. 1978లో హెల్సింకిలో జరిగిన యూరోపియన్ జూనియర్ చాంపియన్‌షిప్‌లో సోవియట్ జట్టును రెండో ఓవర్‌టైమ్‌లో ఓడించి ఫిన్లండ్ స్వర్ణం గెలుచుకుంది. గెలుపు గోల్ కొట్టిన కుర్రాడి పేరు యారి కుర్రి. ఆ తర్వాత అతను ఎడ్మంటన్ జట్టుకు వెళ్లి దిగ్గజం వేన్ గ్రెట్‌జ్కీ పక్కన ఆడాడు. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో అయిదుసార్లు స్టాన్లీ కప్ అందుకున్నాడు. 1980 ప్రపంచ జూనియర్ టోర్నీలో ఫిన్లండ్‌కు రజతం తెచ్చిన జట్టులోనూ కుర్రి ఉన్నాడు. 1981లో, 1984లో మళ్లీ రజతాలు, నడుమ 1982లో కాంస్యం. ఇక మిగిలింది స్వర్ణమే.

లైట్లు ఆర్పేసిన రాత్రి

అది 1987లో వచ్చింది, ఎవరూ ఊహించని తీరులో.

ఆ ఏడాది టోర్నీ చెకొస్లొవేకియాలో జరిగింది. అప్పట్లో ఫైనల్ అంటూ విడిగా ఉండేది కాదు. ఎనిమిది జట్లూ ఒకదానితో ఒకటి ఆడాలి, ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నది విజేత. అయిదు విజయాలు, ఒక డ్రా, ఒక ఓటమితో ఫిన్లండ్ 11 పాయింట్ల దగ్గర ఆగింది. జనవరి 4న పియెష్‌త్యానీ అనే చిన్న పట్నంలో కెనడా, సోవియట్ యూనియన్ మధ్య ఆఖరి మ్యాచ్. సోవియట్ అప్పటికే పతకాల రేసులో లేదు. కెనడాకు పతకం ఖాయం. అయితే ఫిన్లండ్‌ను దాటి స్వర్ణం అందుకోవాలంటే గెలవడం ఒక్కటే చాలదు, కనీసం అయిదు గోల్స్ తేడాతో గెలవాలి.

రెండో పీరియడ్‌లో కెనడా 4-2తో ముందంజలో ఉండగా ఇద్దరి మధ్య మొదలైన కొట్లాట క్షణాల్లో రింక్ అంతా పాకింది. బెంచీల మీద కూర్చున్నవాళ్లు కూడా మంచు మీదికి దూకారు. ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియదు. నార్వే రిఫరీ హాన్స్ రోనింగ్ చేతులెత్తేసి బయటికి నడిచాడు. ఎలాగైనా ఆపాలని నిర్వాహకులు స్టేడియంలో లైట్లు ఆర్పేశారు. చీకట్లోనూ కుమ్ములాట ఆగలేదు. మ్యాచ్‌ను రద్దుచేసి రెండు జట్లనూ టోర్నీ నుంచి వెలివేశారు. ఆ రోజు రింక్‌లో ఉన్నవాళ్లేమీ అనామకులు కారు. కెనడా వైపు బ్రెండన్ షనహన్, థియో ఫ్లూరీ. సోవియట్ వైపు సెర్గీ ఫెదరోవ్, అలెగ్జాండర్ మొగిల్నీ... అందరూ తర్వాతి కాలంలో ఎన్‌హెచ్ఎల్‌ను ఏలినవాళ్లే.

స్వర్ణం ఫిన్లండ్‌ది, రజతం చెకొస్లొవేకియాది, కాంస్యం స్వీడన్‌ది. ‘కొట్లాట పుణ్యమా అని వచ్చిన పతకం’ అనుకునేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. గొడవ మొదలయ్యే సమయానికి కెనడా ఆధిక్యం రెండు గోల్సే. స్కోరు అలాగే ఉండి మ్యాచ్ ముగిసినా పట్టికలో పైన ఉండేది ఫిన్లండే. అయినా 1987 టోర్నీ అనగానే జనానికి గుర్తొచ్చేది పిడిగుద్దులే తప్ప విజేత కాదు.

తండ్రులు, కొడుకులు, ఓవర్‌టైమ్‌లు

రెండో స్వర్ణానికి పదకొండేళ్లు ఆగాల్సి వచ్చింది. 1998లో హెల్సింకిలో ఫైనల్. ప్రత్యర్థి రష్యా. 1-1తో సమమై ఓవర్‌టైమ్‌కు వెళ్లిన మ్యాచ్‌ను నిక్లాస్ హాగ్‌మన్ ఒక్క గోల్‌తో ముగించాడు. అతని తండ్రి మట్టి హాగ్‌మన్ ఫిన్లండ్‌లో ఆట నేర్చుకుని ఎన్‌హెచ్ఎల్‌లో అడుగుపెట్టిన మొట్టమొదటి ఆటగాడు. 1976లో బోస్టన్ బ్రూయిన్స్‌కు ఆడాడు. నిక్లాస్ గోల్‌కు పద్దెనిమిదేళ్ల తర్వాత అదే హెల్సింకిలో, అదే రష్యా మీద, అలాగే ఓవర్‌టైమ్‌లో గెలిపించిన కాస్పెరి కాపనెన్ కూడా అలాంటి ఇంటివాడే. తండ్రి సామి కాపనెన్ కరోలినా, ఫిలడెల్ఫియా జట్లకు ఆడిన పేరున్న ఫార్వర్డ్. 2019 ఫైనల్లో తొలి గోల్ కొట్టిన యెస్సె యులోనెన్ అయితే ఏకంగా అరిజోనా ఎడారి రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి యుహా యులోనెన్ అప్పట్లో ఫీనిక్స్ జట్టుకు ఆడేవాడు మరి!

చిన్న దేశం కావడంతో అనుభవం ఇలా ఇంట్లోనే చేతులు మారుతుంది. కానీ కుటుంబాల మీదే ఆధారపడితే ఒక దేశం నడవదు. 2002, 2003, 2004ల్లో వరసగా మూడు కాంస్యాలు, 2006లో ఇంకొకటి గెలిచాక ఫిన్లండ్ బండి ఆగిపోయింది. 2007 నుంచి 2013 దాకా ఏడు టోర్నీల్లో ఒక్క పతకమూ లేదు. 2013లో రష్యాలోని ఉఫాలో మరీ ఘోరం. రెలిగేషన్ గ్రూపులో ఆడి ఏడో స్థానంతో బయటపడింది. ఆ జట్టులో ఆడినవాళ్లలో అలెగ్జాండర్ బార్కోవ్, టెయువో టెరవైనెన్ ఉన్నారు. ఫ్లోరిడా పాంథర్స్ కెప్టెన్‌గా 2024లో, 2025లో స్టాన్లీ కప్ ఎత్తింది ఈ బార్కోవే. అంటే జట్టులో సరుకు లేక కాదు, కలిసి రాలేదు.

ఆ కరవు కాలంలోనే ఫిన్లండ్ సమాఖ్య పునాదుల మీద దృష్టి పెట్టింది. క్రమశిక్షణ, గోల్ కాపలా ఫిన్లండ్‌కు ఎప్పుడూ ఉన్నవే. కొరవడింది పక్ మీద పట్టు, ఎదుటివాణ్ని ఏమార్చే చాకచక్యం. వాటిని చిన్నప్పుడే నేర్పడానికి క్లబ్బుల్లో ప్రత్యేకంగా నైపుణ్య శిక్షకులను పెట్టారు. గోలీల శిక్షణ అంతకుముందు నుంచే ఒక పద్ధతి ప్రకారం నడుస్తోంది. క్లబ్బులు కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకునే ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్‌లో 2002లో గోలీ కారి లెహ్‌టొనెన్ రెండో స్థానంలో ఎంపికయ్యాడు. 2006 కాంస్యం నాటి గోలీ టూక్కా రాస్క్ బోస్టన్‌కు ఏళ్ల తరబడి కంచుకోటగా నిలిచాడు.

ఫలితం 2014లో కనపడింది. వేదిక స్వీడన్‌లోని మాల్మో. ఫైనల్లో అప్పటిదాకా ఓటమి ఎరుగని ఆతిథ్య స్వీడన్. 1809 దాకా కొన్ని వందల ఏళ్లు తమను ఏలిన దేశం అది. ఆటలో స్వీడన్ మీద గెలిస్తే ఫిన్లండ్‌లో ఆ ఆనందమే వేరు. సెమీస్‌లో కెనడాను 5-1తో చిత్తు చేసి వచ్చిన ఫిన్లండ్‌కు గోల్ దగ్గర యూసె సారోస్ ఉన్నాడు. ఎత్తు 180 సెంటీమీటర్లు. గోలీలకు ఇది తక్కువని, ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్‌లో 99వ స్థానం దాకా అతన్ని ఎవరూ తీసుకోలేదు. ఆ సారోసే స్వీడన్ దాడులను కాచుకుని మ్యాచ్‌ను ఓవర్‌టైమ్ దాకా లాక్కొచ్చాడు. అక్కడ డిఫెండర్ రాస్ముస్ రిస్టోలైనెన్ ముందుకు చొచ్చుకెళ్లి 3-2తో ముగించాడు. రెలిగేషన్ గ్రూపు నుంచి స్వర్ణానికి పట్టింది ఏడాదే.

ఒకే వరసలో ముగ్గురు

2016 జట్టును ఫిన్లండ్‌లో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. పాట్రిక్ లైనె, యెస్సె పుల్యుయార్వి, సెబాస్టియన్ అహో ఒకే వరసలో ఆడారు. లైనె, పుల్యుయార్వి ఇద్దరికీ అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండలేదు. అహోకు పద్దెనిమిది. లైనె 7 గోల్స్ కొట్టాడు. పుల్యుయార్వి 5 గోల్స్, 12 అసిస్టులతో 17 పాయింట్లు సాధించి టోర్నీలోకెల్లా మేటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. కెప్టెన్ మిక్కో రాంటనెన్. కోచ్ యుక్కా యాలోనెన్ ఆ తర్వాత పెద్దల జట్టుతో 2022లో ఫిన్లండ్‌కు తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చినవాడు. క్వార్టర్‌ఫైనల్లో కెనడాతో 6-5 మ్యాచ్ అయితే ఫైనల్‌ను మించిన ఫైనల్. కెనడా ఇద్దరు ఆటగాళ్లను పెనాల్టీ బెంచీకి పోగొట్టుకున్న సమయంలో లైనె గెలుపు గోల్ బాదాడు.

ఆ ఏప్రిల్‌లో అండర్-18 ప్రపంచ టైటిల్ కూడా ఫిన్లండే గెలిచింది. ఫైనల్లో స్వీడన్ మీద 6-1, అందులో పుల్యుయార్వివి మూడు గోల్స్. జూన్‌లో జరిగిన ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి అయిదు పేర్లలో మూడు ఫిన్లండ్‌వే: లైనె రెండో స్థానం, పుల్యుయార్వి నాలుగు, డిఫెండర్ ఒల్లి యూలెవి అయిదు.

కుర్రాళ్లకు అదృష్టం పట్టింది, జట్టుకు కష్టం వచ్చింది. వయసు ప్రకారం లైనె, పుల్యుయార్వి, అహో ముగ్గురూ 2017 టోర్నీలోనూ ఆడొచ్చు. కానీ డిసెంబరు వచ్చేసరికి ముగ్గురూ ఎన్‌హెచ్ఎల్‌కు వెళ్లిపోయారు. ఆ క్లబ్బులు సీజన్ నడుమ ఆటగాళ్లను వదలవు. కెనడాకైతే ముగ్గురు పోయినా అదే స్థాయివాళ్లు ఇంకో పదిమంది దొరుకుతారు. ఒక్కో పుట్టిన సంవత్సరానికి కొద్దిమందే మెరికలుండే ఫిన్లండ్‌లో ముగ్గురు పోతే జట్టు ముఖమే మారిపోతుంది. రౌతకోర్పి చేతికొచ్చింది అలాంటి జట్టు. ఆ తర్వాతి ఏడాది బఫలోలోనూ ఫిన్లండ్ క్వార్టర్స్‌లో చెక్ చేతిలో షూటౌట్‌లో ఓడి ఇంటిదారి పట్టింది.

వాంకూవర్‌లో విరిగిన స్టిక్

అలాంటి స్థితిలో 2019 టోర్నీకి వెళ్లిన అహోకస్ జట్టుకు క్వార్టర్స్‌లో ఎదురుపడింది ఆతిథ్య కెనడా. చివరి నిమిషం దాకా కెనడాదే 1-0 ఆధిక్యం. ఇంకా 46 సెకన్లు ఉందనగా ఫిన్లండ్ సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో కెనడాకు పెనాల్టీ షాట్ దక్కింది. కెప్టెన్ మాక్సిమ్ కోమ్‌ట్వా కొట్టిన షాట్‌ను గోలీ ఉక్కో-పెక్కా లూక్కొనెన్ ఆపేశాడు. కాసేపటికి నోవా డాబ్సన్ ముందు గోల్ దాదాపు ఖాళీగా ఉంది. కొట్టబోయేసరికి అతని స్టిక్ పుటుక్కున విరిగింది! పక్ అందుకున్న ఫిన్లండ్ ఎదురుదాడికి దిగింది. టోని ఉటునెన్ కొట్టిన షాట్ లోపలికి పోయింది. సొంతగడ్డ మీద జరిగిన ఈ టోర్నీలో కెనడా పతకం లేకుండా మిగలడం అదే మొదటిసారి.

సెమీస్‌లో స్విట్జర్లండ్ 6-1తో చేతులెత్తేసింది. ఫైనల్లో యులోనెన్, ఒట్టో లాత్వాలా గోల్స్‌తో ఫిన్లండ్ 2-0కు వెళ్తే, అమెరికా పట్టు వదలకుండా 2-2 చేసింది. ఇంకో 86 సెకన్లలో మ్యాచ్ ముగుస్తుందనగా గోల్ ముందు గుంపులో దొరికిన పక్‌ను కాపో కాక్కో లోపలికి దూర్చాడు. అప్పటికి అతనికి పదిహేడేళ్లు. అంతకుముందు ఏప్రిల్‌లో అండర్-18 స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. 2019 మే నెలలో బ్రాటిస్లావాలో పెద్దల ప్రపంచ స్వర్ణమూ అందుకున్నాడు. పదమూడు నెలల్లో మూడు స్థాయుల్లో మూడు ప్రపంచ టైటిళ్లు.

కాక్కో లాంటివాళ్లు అంత త్వరగా పదునెక్కడానికి ఒక కారణముంది. కెనడాలో పందొమ్మిదేళ్ల కుర్రాడు సాధారణంగా తన ఈడువాళ్ల లీగ్‌లోనే ఆడతాడు. ఫిన్లండ్‌లో సత్తా ఉన్నవాణ్ని పదిహేడు, పద్దెనిమిదేళ్లకే దేశంలోని అగ్రశ్రేణి పురుషుల లీగ్ అయిన ‘లీగా’లో దింపేస్తారు. లైనె టాంపెరెలోని టప్పారాకు, అహో, పుల్యుయార్వి ఊలులోని కార్పత్‌కు, కాక్కో టుర్కులోని టీపీఎస్‌కు ఆడుతూ జూనియర్ టోర్నీకి వచ్చినవాళ్లే. ముప్పై ఏళ్ల డిఫెండర్లను రోజూ ఢీకొన్నవాడికి పందొమ్మిదేళ్లవాణ్ని చూస్తే బెరుకెందుకుంటుంది?

గీత దాటని పక్

2021లో కరోనా కారణంగా ప్రేక్షకులు లేని ఎడ్మంటన్ స్టేడియంలో రష్యాను 4-1తో ఓడించి ఫిన్లండ్ కాంస్యం గెలిచింది. 2022 టోర్నీ మొదలైన కొద్ది రోజులకే ఒమిక్రాన్ దెబ్బకు రద్దయింది. ఆగస్టులో మళ్లీ మొదటి నుంచి ఆడించారు. ఫైనల్లో కెనడాకు 0-2తో వెనకబడిన ఫిన్లండ్ 2-2కు లాక్కొచ్చింది. ఓవర్‌టైమ్‌లో టోపి నియెమెలా కొట్టిన పక్ గోలీని దాటి గాల్లో గోల్ గీత మీదికి వాలుతోంది. ఇక అయిపోయిందనుకునేలోగా కెనడా కెప్టెన్ మేసన్ మెక్‌టవిష్ స్టిక్‌తో దాన్ని గాల్లోనే తప్పించాడు. మరికొన్ని క్షణాలకు అవతలి వైపు కెంట్ జాన్సన్ గోల్ కొట్టాడు. కప్పు కెనడాది.

2025 జనవరిలో ఒట్టావాలో మరో ఫైనల్. తొలి మ్యాచ్‌లోనే కెనడా చేతిలో 4-0తో ఓడిన జట్టు అది. గోలీ పెట్టెరి రింపినెన్ అడ్డుగోడలా నిలవడంతో ఒక్కో మెట్టూ ఎక్కింది. సెమీస్‌లో స్వీడన్‌ను ఓవర్‌టైమ్‌లో బెంజమిన్ రౌటియైనెన్ గోల్‌తో దాటింది. ఫైనల్లో అమెరికాపై 3-1 ఆధిక్యం కూడా వచ్చింది. కానీ అమెరికా పుంజుకుని సమం చేసింది. ముగ్గురితో ముగ్గురు తలపడే ఓవర్‌టైమ్‌లో టెడ్డీ స్టీగా గోల్‌తో 4-3. రింపినెన్‌కు టోర్నీ ఉత్తమ గోలీ బహుమతి, జట్టుకు రజతం దక్కాయి.

పతకాల పెట్టె

స్వర్ణం: 1987, 1998, 2014, 2016, 2019
రజతం: 1980, 1981, 1984, 2001, 2022, 2025
కాంస్యం: 1982, 1988, 2002, 2003, 2004, 2006, 2021
అండర్-18 ప్రపంచ స్వర్ణాలు: 1999, 2000, 2016, 2018

మూడు దేశాల పంపకం

2014 నుంచి 2025 వరకు జరిగిన పన్నెండు ప్రపంచ జూనియర్ టోర్నీలను వరసగా పేర్చి చూస్తే ఫిన్లండ్ లెక్క ఇది: మూడు స్వర్ణాలు, రెండు రజతాలు, ఒక కాంస్యం. అంటే పన్నెండింట ఆరుసార్లు పతకం. మిగతా ఆరుసార్లు నాలుగో స్థానం నుంచి తొమ్మిదో స్థానం దాకా ఎక్కడెక్కడో. ఈ కాలంలో అయిదు స్వర్ణాలు కెనడా పట్టుకెళ్లింది, నాలుగు అమెరికా. మిగిలిన మూడూ ఫిన్లండ్‌వే. ఒకప్పుడు ఫిన్లండ్‌ను నాలుగో కుర్చీలో కూర్చోబెట్టిన స్వీడన్‌కు గానీ, చెక్‌కు గానీ, సోవియట్ వారసత్వం మోసిన రష్యాకు గానీ ఆ పన్నెండేళ్లలో ఒక్క స్వర్ణమూ దక్కలేదు.

ఒట్టావా ఫైనల్ ముగిసిన రాత్రే 2005లో పుట్టినవాళ్లందరికీ జూనియర్ ఆట ముగిసిపోయింది, రౌటియైనెన్‌తో సహా. 2006లో పుట్టిన రింపినెన్‌కు మాత్రం ఇంకో ఏడాది గడువు మిగిలింది. ఎన్‌హెచ్ఎల్ ఎవరిని ముందే తీసుకుపోతుంది, లీగా క్లబ్బుల్లో పదిహేడేళ్లవాళ్లలో ఎవరికి చోటు దొరుకుతుంది అన్న లెక్కలతో ఫిన్లండ్ కోచ్‌లు కొత్త జట్టు కోసం మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిందే.